లెంపీ భుజమూ ఆరున్నర తుపాకీ

ఆ ఏడాది మే నెల మొదటి శనివారం దాకా లెంపీ భుజం సంగతి లెంపీకి తప్ప ఇంకొకరికి తెలియదు.

ఆ మధ్యాహ్నం ఊరవతల కంకర గుంట దగ్గర ఆరు తూటాలు కాల్చింది. ఒక్కటీ చెప్పుకోదగ్గ చోట తగల్లేదు. ఇంటికొచ్చి తుపాకి తుడిచి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, శనివారం కదా, తమ్ముడి ఇంటికి సౌనా స్నానానికి వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళ వంతు ముందు. ఆవిరిలో, చెక్క బల్ల మీద, ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చున్న మనిషి ఏం దాచగలదు చెప్పండి! మరదలు కెర్తూ వేడి రాళ్ళ మీద చెంబుడు నీళ్ళు చల్లి వెనక్కి తిరిగింది. చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"వదినా, అదేమిటి?"

"ఏది?"

"ఏది అంటావేంటి! ఆ భుజం. బ్లూబెర్రీ పళ్ళు చిదిమి పూసినట్టుంది."

"తుపాకి కాస్త తన్నింది. నీళ్ళు చల్లు, ఆవిరి తగ్గిపోతోంది."

"కాస్తా? గుర్రం తన్నినా ఇంతకంటే మర్యాదగా తన్నుతుంది." కెర్తూ దగ్గరికొచ్చి వేలితో తడిమింది. మెడ కింది ఎముక మీద గోళీకాయంత బుడిపె. సరిగ్గా తుపాకి మడమ ఆనించే చోటే. "ఇది రెండేళ్ళ కిందట మంచు మీద పడ్డప్పటిదా? అతుక్కుపోయిందన్నావు కదా!"

"అతుక్కుంది. కాస్త వంకరగా అతుక్కుంది."

"అంటే కిందటి అక్టోబరులో కూడా ఇలాగే ఉందా?"

లెంపీ మొహం రాళ్ళ వైపు తిప్పుకుంది. చెప్పకపోయినా కెర్తూకి అర్థమైపోయింది. గబగబా రెండు చెంబులు పోసింది రాళ్ళ మీద, కోపంతో.

కిందటి అక్టోబరు సంగతి ఊరంతా ఎరిగిందే. లెంపీ బడిలో వంట చేస్తుంది. ఇరవయ్యారేళ్ళుగా పిల్లలకి గురువారం బఠాణీ సూపు, శుక్రవారం చేపల కూర. ప్రతి శరదృతువులోనూ సెలవు పెట్టి మూస్ వేటకి పోతుంది. మూస్ అంటే మామూలు దుప్పి కాదండోయ్, గుర్రం కంటే ఎత్తు, నాలుగైదు వందల కిలోల జంతువు. వేట బృందంలో జంతువు కోసం కాపు కాసే చోట్లలో లెంపీది ఐదో నంబరు. చిత్తడి నేల అంచున, విరిగిన దేవదారు పక్కన. అక్కడ ముందు వాళ్ళ నాన్న నిలబడేవాడు. ఆయన పోయాక పంతొమ్మిదేళ్ళుగా ఆయన తుపాకితోనే లెంపీ నిలబడుతోంది. ఆ తుపాకిని అందరూ 'తొమ్మిదీ మూడు' అంటారు. గుండు లావు తొమ్మిది మిల్లీమీటర్ల పైమాట, బరువు పద్దెనిమిది గ్రాములు. పేలిందంటే ఒళ్ళంతా కదిలిపోవాల్సిందే.

కిందటి అక్టోబరులో ఒక ఆడ మూస్ వచ్చి నిలబడింది. లెంపీ కాల్చింది. తగిలింది, కానీ ఎక్కడో వెనగ్గా తగిలింది. అది కుంటుకుంటూ చిత్తడిలోకి పోయింది. రెండు రోజులు కుక్కతో వెతికారు. రెండో రోజు వాన పట్టుకుని రక్తపు జాడంతా కడిగేసింది. దొరకలేదు. గాయపడ్డ జంతువు ఎక్కడో పడి నానా బాధలూ పడి చచ్చిపోతుంటే ఇంట్లో కూర్చుని కాఫీ తాగడం ఎలా ఉంటుందో వేటగాళ్ళకే తెలుసు. లెంపీకి ఆ చలికాలమంతా తిండి సయించలేదు.

ఎందుకలా జరిగిందని ఒక్కరూ అడగలేదు. అదండీ అక్కడి తంతు! ఉత్తరాన చలి దేశపు కరేలియా అడవుల్లో మనిషి నొప్పి గురించి అడిగితే అవమానం, చెప్పుకుంటే అంతకంటే అవమానం. అందరూ బూట్ల వంక చూసుకున్నారు. తర్వాత బృందం సమావేశంలో తౌనో అనే పక్క పొలం ఆయన లేచి ఒక మాట అన్నాడు. లెంపీ పాత కాల్పుల పరీక్ష గడువు ఎలాగూ వచ్చే ఆగస్టులో తీరిపోతోంది, మళ్ళీ పరీక్షకి నిలబడాలి. మొదటి ప్రయత్నంలో నెగ్గితే ఐదో నంబరు ఆమెదే. నెగ్గకపోతే తుపాకి ఇంట్లో పెట్టి, జంతువుల్ని అదిలించి తోలే వాళ్ళతో కేకలు వేసుకుంటూ నడవాలి. బృందానికి పెద్ద లెంపీ తమ్ముడు ఎస్కోయే. అక్క పక్షం వహించాడని ఎవరూ అనకూడదు కదా! "సరే" అన్నాడు.

ఇప్పుడు సౌనాలో కెర్తూ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నువ్వు చెబుతావా మీ తమ్ముడికి, నన్ను చెప్పమంటావా?"

"చెప్పావంటే మీ గడప తొక్కను."

"అయితే సోమవారం నాతో ఓయివా దగ్గరికి రా. రానన్నావో, తువ్వాలు చుట్టుకుని ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తా."

ఓయివా తుపాకులు బాగుచేసే ముసలాయన. పాత పాల డిపో వెనక ఆయన కొట్టు. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడి చెవికి నచ్చిన మాటలే వినపడతాయి. సోమవారం వీళ్ళిద్దరూ వెళ్ళేసరికి ఏదో చెక్క మడమకి నూనె పట్టిస్తున్నాడు.

"ఓయివా తాతా, మా వదిన తుపాకి సరిగ్గా కొట్టడం లేదు," అంది కెర్తూ.

"తుపాకా, వదినా?"

"అది నువ్వే చూసి చెప్పాలి."

కొట్టు వెనక ఇసుక దిబ్బ ఉంది. ఓయివా లెంపీ తుపాకిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తనే తూటా పెట్టి చేతికిచ్చాడు. లెంపీ కాల్చింది. చెవులు హోరెత్తాయి, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ముసలాయన మళ్ళీ తుపాకి తీసుకుని, అటు తిరిగి ఏదో పెట్టి, మళ్ళీ ఇచ్చాడు. లెంపీ గురి చూసింది, ఊపిరి బిగబట్టింది, ట్రిగ్గర్ నొక్కింది.

టిక్కుమంది. అంతే. లోపల ఉన్నది కాల్చేసిన ఖాళీ తూటా.

కానీ తుపాకి మూతి మాత్రం జానెడు కిందికి దూకింది. భుజం ముందుకు తోసుకొచ్చింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. పేలని తుపాకికి లెంపీ ఒళ్ళంతా ఉలిక్కిపడింది. కెర్తూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. లెంపీ మొహం సౌనాలో కంటే ఎర్రగా అయిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచీ?" అన్నాడు ఓయివా.

"రెండేళ్ళు," అంది లెంపీ. శనివారం చూసిన భుజం సంగతి కెర్తూ చెప్పేసింది.

"నీ చేతికి అంతా తెలుసమ్మాయ్, గురి కూడా బానే ఉంది. తన్ను వస్తుందని భుజానికి ముందే తెలిసిపోతోంది. అది పేలకముందే పారిపోతోంది. దాన్ని తిట్టి లాభం లేదు. ఆరు తూటాలకే నీ భుజం నల్లబడుతుంటే అది పారిపోక ఏం చేస్తుంది?"

"ఇది నాన్న తుపాకి," అంది లెంపీ.

"మీ నాన్న నూట పది కిలోల మనిషి. ఆయన చొక్కా తొడుక్కుని తిరుగుతున్నావా? బూట్లు వేసుకుంటున్నావా? మరి తుపాకి మాత్రం ఎందుకు మోస్తున్నావు?"

లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద మూడు తుపాకులు పరిచాడు. లెంపీ చెయ్యి మొదట అన్నిటికంటే చిన్నదాని మీదికి వెళ్ళింది. పొట్టి గొట్టం, ప్లాస్టిక్ మడమ, ఎత్తితే ఈకలా ఉంది.

"ఇది హాయిగా ఉంది. తేలిక."

"తేలికే. అందుకే ఎక్కువ తన్నుతుంది. మొయ్యడానికి హాయి, కాల్చడానికి కాదు. రోజంతా మోస్తావు, ఒక్కసారి కాలుస్తావు. ఆ ఒక్కసారి కోసం కొనుక్కోవాలి."

రెండోది ఊళ్ళో సగం మంది మోసే రకం. మంచిదే. ఓయివా దాన్ని మెచ్చుకున్నాడు కూడా. కాల్చి చూస్తే నాన్నదానికంటే బాగా తక్కువ తన్నింది, కానీ మూడో తూటాకి ఎముక మళ్ళీ మూలిగింది. ఖాళీ తూటా పెట్టి చూస్తే మూతి ఇంకా రెండు వేళ్ళు దిగుతోంది.

మూడోది పాతది. బరువైన చెక్క, పొడుగు గొట్టం. ఓయివా ఒక తూటా తీసి లెంపీ అరచేతిలో పెట్టాడు. సన్నగా, పొడుగ్గా ఉంది గుండు.

"ఆరున్నర మిల్లీమీటర్లే," అన్నాడు.

లెంపీ నవ్వేసింది. "ఇదా! దీంతో మూస్‌ని కొడితే దోమ కుట్టిందనుకుంటుంది."

"మా అమ్మ పదకొండు మూస్‌లని కొట్టింది దీంతో. ఒక్కటీ దోమ అనుకోలేదు. సన్నగా పొడుగ్గా ఉంది కాబట్టే లోతుకి పోతుంది. మూస్ మీదికి ఎంత బరువు గుండు వెయ్యాలో, వంద మీటర్ల దగ్గర దానికి ఎంత సత్తువ మిగలాలో చట్టంలో ఉంది కదా! ఇందులో పది గ్రాముల గుండు వేస్తే ఆ గీత దాటుతుంది. అంతకంటే తేలికది మాత్రం వెయ్యకు. కాల్చి చూడు."

కాల్చింది. తన్నింది, తన్నకుండా ఎలా ఉంటుంది! కానీ ఎవరో భుజం తట్టి పిలిచినట్టుంది. మూడు కాల్చింది, ఐదు కాల్చింది. మధ్యలో ఓయివా చెప్పకుండా ఖాళీ తూటా పెట్టాడు. టిక్కుమంది. మూతి కదిలింది, గోరంత.

"ఆ గోరంత వేసవి అంతా కూర్చుని పోగొట్టుకో," అన్నాడు. మడమ చెక్క వేలెడు కోసి, చివర మెత్తటి రబ్బరు దిండు వేసిస్తానన్నాడు. లెంపీ చేతులు పొట్టి, నాన్నవి పొడుగు. ఆ ముక్క కూడా పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ అనలేదు. "ఇంకో రెండు మాటలు విను. జంతువు నీకు పక్కకి తిరిగి నిలబడినప్పుడే కాల్చు, ముందుకాలి వెనక. ఎదురుగా ఉంటే వద్దు, వెనక నుంచి వద్దు. పెద్ద తుపాకికీ ఇదే నియమం, కానీ అది చేతిలో ఉన్నవాడు మర్చిపోతాడు. రెండోది, కాల్చాక అది అక్కడికక్కడే పడిపోదు. ఏమీ కానట్టు పరిగెత్తుతుంది. అప్పుడు నువ్వు బెదిరిపోకు."

ఆరున్నర కొనడానికి పోలీసుల అనుమతి కాగితం జూన్‌లో వచ్చింది. ఇక వేసవి అంతా లెంపీ వంటింట్లో గోడ మీది చుక్కకి గురిపెట్టి, ఖాళీ తుపాకి టిక్కు టిక్కుమనిపించింది. ఆదివారాలు కంకర గుంటలో కెర్తూ తూటాలు పెట్టేది. నిజం తూటాల మధ్య ఎక్కడ ఖాళీది కలిపిందో లెంపీకి చెప్పేది కాదు. మూతి కదిలిందో, "దొరికావు వదినా!" అని ఒకటే కేక. ఆమె మంచి దుర్మార్గురాలు! జూలై ఆఖరుకి కేకలు తగ్గాయి.

ఆగస్టులో పరీక్ష. డెబ్భై ఐదు మీటర్ల దూరంలో మూస్ బొమ్మ, దాని ముందుకాలి వెనక భోజనం పళ్ళెమంత గుండ్రం గీత. తొంభై సెకన్లలో నాలుగు గుండ్లూ ఆ గీత లోపల పడాలి. ఒక్కటి బయట పడ్డా ఓడినట్టే. లెంపీ సంచీలోంచి ఆరున్నర తీసేసరికి తౌనో పక్కనే కాఫీ తాగుతున్నాడు.

"ఏంటి లెంపీ, బొత్తాలు కుట్టడానికి తెచ్చావా?"

"నీ నోరు కుట్టడానికి తెచ్చా."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఎస్కో నవ్వలేదు. గడియారం పట్టుకుని నిలబడ్డాడు. అక్క మొహం వంక చూడలేదు.

"సిద్ధమా? కానీ."

మొదటిది బాగా పోయిందని లెంపీకి తెలుసు. రెండోదీ అంతే. మూడోదానికి గురి చూస్తుంటే వచ్చింది అది, పాత ఉలికిపాటు. మెడ దగ్గర మొదలై భుజంలోకి పాకుతోంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. ఇంకొక్క చిటికెలో నొక్కేసేదే. తుపాకి దించేసింది. వెనక ఎవరో గొణిగారు. "ఇంకా నలభై సెకన్లు," అన్నాడు ఎస్కో. లెంపీ కళ్ళు మూసుకుని రెండుసార్లు ఊపిరి పీల్చి, తుపాకి మళ్ళీ ఎత్తి, మూడోది కాల్చింది. బోల్టు లాగింది. "పదిహేను." నాలుగోది కాల్చింది.

ఎస్కో నడిచి వెళ్ళి బొమ్మ ముందు వంగాడు. ఎంతసేపటికీ లేవడే! తౌనో కూడా వెళ్ళి వంగాడు. నాలుగోది గీతని ముట్టుకుని ఉంది.

"గీత మీద పడింది," అన్నాడు తౌనో.

"గీత తెగింది. గీత తెగితే లోపలే," అన్నాడు ఎస్కో. "మా అక్క కాకపోయినా లోపలే. కావాలంటే కొలిచి చూసుకో."

తౌనో కొలిచాడు. తిరిగి కాఫీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పరీక్ష అయితే అయింది కానీ, బొమ్మకి రక్తం రాదు కదా! అక్టోబరు రెండో శనివారం పొద్దున ఐదో నంబరులో కూర్చున్న లెంపీ మనసులో ఒకటి నిశ్చయించుకునే ఉంది. ఇంకో జంతువు గాయపడి పోయిందంటే ఎవరూ ఏమీ అననక్కర్లేదు, తనే తుపాకి అప్పగించేస్తుంది. ఆ మాట కెర్తూతో చెప్పే వచ్చింది. తెచ్చుకున్న పిరక్కా, అంటే రై గింజల పిండి రొట్టెలో అన్నం పెట్టి కాల్చినది, ఒళ్ళో అలాగే చల్లారిపోయింది.

తొమ్మిదిన్నరకి హల్లా మొరిగింది. ఎస్కో కుక్క అది. దూరంగా, తర్వాత దగ్గరగా. చేతి రేడియోలో ఎస్కో గొంతు, "ఐదు వైపు వస్తోంది. మగది. చూసుకో."

చిత్తడి అవతల పొదలు కదిలాయి. ఇంత కొమ్ములేసుకుని మూస్ బయటికి వచ్చింది. అరవై మీటర్లుంటుంది. వచ్చి, ఆగి, సూటిగా లెంపీ వైపే మొహం పెట్టి నిలబడింది. ఛాతీ వెడల్పుగా, గోడలా కనపడుతోంది. నాన్న తుపాకి ఉంటే కాల్చేసేదే. కిందటేడు ఆ ఆడ మూస్‌ని ఏటవాలుగా ఉన్నప్పుడే కాల్చింది మరి.

ఆరో నంబరులో ఉన్న తౌనోకి అంతా కనపడుతోంది. అతను కాలిస్తే గుండు లెంపీ వైపే వస్తుంది కాబట్టి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. రేడియోలో గుసగుసగా, "లెంపీ! నీ ముందే ఉంది. కాల్చు!"

లెంపీ కదల్లేదు.

"కాల్చవేం? నిద్రపోయావా? పోతుంది అది!"

"తౌనో, నోరు ముయ్యి," అంది ఎస్కో గొంతు.

మూస్ ముక్కు ఎత్తి గాలి వాసన చూసింది. ఒక చెవి వెనక్కి తిప్పింది, కుక్క వైపు. లెంపీ తుపాకి సర్దుకుంది. మోచెయ్యి మోకాలికి ఆనించింది. ఒకటి, రెండు, మూడు... ఇరవై దాకా లెక్కపెట్టింది. ముందుకాలు ఎత్తింది మూస్, మళ్ళీ అక్కడే పెట్టింది. హల్లా దగ్గరికొచ్చి మొరిగేసరికి కుక్కని చూద్దామని పెద్ద ఒళ్ళు బద్ధకంగా పక్కకి తిప్పింది.

తుపాకి మోగింది.

మూస్ ఒక్క గెంతు గెంతి, ఏమీ కానట్టు, దిట్టంగా పరిగెత్తుకుంటూ దేవదారు చెట్లలోకి పోయింది. కొమ్మలు విరిగిన చప్పుడు. తర్వాత అదీ లేదు.

"పోయింది," అన్నాడు తౌనో రేడియోలో. "మళ్ళీ పోయింది. సూదితో పొడిస్తే అంతే మరి."

"ఎవరూ చోటు వదలొద్దు," అన్నాడు ఎస్కో. మళ్ళీ అతనే, "అక్కా. తగిలిందా?"

లెంపీ రేడియో నోటి దగ్గరికి తీసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. తుపాకి మోగినప్పుడు తన కన్ను తెరిచే ఉంది. వేటలో, రెండేళ్ళలో మొదటిసారి. తుపాకి మీది దుర్భిణిలో గీతలు ముందుకాలి వెనక, నల్లటి జుట్టు మీద ఉండగా మోగడం తను చూసింది.

"తగిలింది," అంది. "ముందుకాలి వెనక తగిలింది. నేను చూశాను."

"సరే. అరగంట ఆగుదాం."

ఆ అరగంట నడిచిన తీరు అడక్కండి. ఎస్కో కుక్కని తాడుతో పట్టుకుని వచ్చాడు. తౌనో వెనకే వచ్చాడు. మూస్ నిలబడ్డ చోట నాచు చెదిరి ఉంది. రక్తం లేదు. పది అడుగులు, ఇరవై అడుగులు, ఏమీ లేదు. తౌనో గట్టిగా నిట్టూర్చాడు. లెంపీ వంగి నాచులో వెతికింది. ముప్పై అడుగుల దగ్గర హల్లా ముక్కు నేలకి ఆనించి తోక బిగించింది. ఎర్రపళ్ళ పొద మీద నురగ. లేత గులాబీ రంగు నురగ. అది ఊపిరితిత్తుల రక్తం. ఎస్కో దాన్ని వేలితో తీసి అక్కకి చూపించాడు.

ఇంకో నలభై అడుగుల అవతల, రెండు దేవదార్ల మధ్య, మూస్ పక్కకి ఒరిగి పడి ఉంది. ఎప్పుడో ప్రాణం పోయింది. పరిగెత్తుతూ పరిగెత్తుతూనే పడిపోయినట్టుంది, కాళ్ళు కొట్టుకున్న గుర్తులు కూడా లేవు. లెంపీ దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు.

తౌనో గాయం దగ్గర వంగి, అవతలి వైపుకి వెళ్ళి మళ్ళీ వంగాడు. "ఇటు బయటికొచ్చింది," అన్నాడు. "ఆరున్నర ఇటు నుంచి అటు బయటికొచ్చింది."

"నాన్న తుపాకి ఎందుకు మానేశావక్కా?" అన్నాడు ఎస్కో, కత్తి తీస్తూ, ఆమె వైపు చూడకుండా.

లెంపీ కోటు బొత్తాలు విప్పి, చొక్కా మెడ పక్కకి లాగి, బుడిపె చూపించింది. తమ్ముడికీ తౌనోకీ ఇద్దరికీ. "దీనికి నాన్న తుపాకి సరిపడదు. రెండేళ్ళుగా నాకు నొప్పి. పేలుతుందంటే భయం. కిందటేడు కళ్ళు మూసుకుని కాల్చాను. అందుకే అది అలా పోయింది."

అడవిలో అంత పొడుగు మాట ఆ బృందంలో ఎవరూ ఎప్పుడూ మాట్లాడి ఉండరు. ఎస్కో చేతిలో కత్తి ఆగిపోయింది.

"ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడగొచ్చు కదా!"

కత్తి మళ్ళీ ఒరలోకి పోయింది. తర్వాత ఎస్కో రేడియో తీసి, "దొరికింది. ఒక్క తూటా. ఐదో నంబరు," అని అందరికీ చెప్పాడు. "భోజనాలయ్యాక రెండో విడత. ఎవరి చోటు వాళ్ళదే. ఐదులో అక్కే."

తౌనో తాడు తెచ్చి కొమ్ములకి కట్టాడు. ముడి రెండుసార్లు సరిచూశాడు, మూడోసారి కూడా చూశాడు. అప్పుడు, ఎవరికీ వినపడకుండా అనుకున్నాడేమో, లెంపీ పక్కకి వచ్చి అడిగాడు.

"ఆ ఓయివా కొట్టు పొద్దున ఎన్నింటికి తీస్తాడు?"

"ఎనిమిదింటికి. ఏం?"

"ఊరికే," అన్నాడు తౌనో. కుడి భుజం ఓసారి తడుముకుని, తాడు ఎడమ భుజానికి మార్చుకుని లాగడం మొదలుపెట్టాడు.